బేరం తెగిన తాళాలు

ఆయనకి బేరమాడటం చేతకాదు. పాత తాళాలు పోగుచెయ్యడమేమో ముప్ఫై ఏళ్ళ పిచ్చి. ఈ రెండూ ఒకచోట పొసగవు. నచ్చిన తాళంకప్ప కనపడితే చాలు, ఆయన ముఖం వెలిగిపోయేది. ఆ వెలుగు చూసి అమ్మేవాడు ధర పెంచేసేవాడు. పెళ్ళయిన కొత్తలో ఒక ఆదివారం పాత సామాన్ల బజారుకి వెళ్ళి, అరచేతిలో పట్టేంత ఇత్తడి తాళానికి ఆ నెల జీతంలో సగం పోసి వచ్చాడు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది బంగారమా?"

"కాదు."

"అయితే వచ్చే ఆదివారం నేనూ వస్తాను," అంది.

అప్పట్నుంచీ తాళాలు ఆయనవి, బేరాలు ఆమెవి.

ఆయన ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాడు. ఆమె బట్టల కొట్లో కౌంటరు దగ్గర పనిచేసేది. ఆ కొట్లో ఆమె తల మీద "ఒకటే ధర" అని పెద్ద బోర్డు ఉండేది. వారానికి ఆరు రోజులు ఆ బోర్డు కింద నిలబడి, "తగ్గదండీ, మా చేతిలో లేదండీ" అని చెప్పి చెప్పి నోరు పడిపోయేది. ఏడోరోజు కౌంటరుకి ఇవతల నిలబడటం ఆమెకి ఎక్కడలేని సరదా. తాళాల గొడవ ఆమెకి ఏమీ పట్టేది కాదు. ఇంట్లో గోడ నిండా చెక్క అరలు కట్టించి ఆయన వాటిని వరసగా పెట్టుకుంటే, దుమ్ము దులపడం దండగని గొణిగేది. కానీ బజారులో అడుగుపెట్టాక మనిషే వేరు.

ఆ బజారుకి ఎవరూ రాయని మర్యాదలు కొన్ని ఉండేవి. ఆమెకి వాటి మీద గురి. సరుకుని తిట్టేది కాదు. "ఈ తుప్పుముక్కకి ఇంతా?" అని ఎవరైనా అంటే ఒళ్ళు మండేది. "తుప్పుముక్కైతే చేతిలో పట్టుకుని ఎందుకు నిలబడ్డాడుట?" అనేది. ఇంకొకరు చూస్తున్న వస్తువు ధర అడిగేది కాదు. ఇక తను ఒక ధర చెప్పి, అమ్మేవాడు సరేనన్నాడా, అది కొన్నట్టే. ఒకసారి అలా బేరం తెగాక చూసుకుంటే పర్సు ఇంట్లో మరిచిపోయి వచ్చింది. "రేపివ్వండి, పోయిందేముంది," అన్నాడు అమ్మేవాడు. ఆమె వినలేదు. చేతి గడియారం విప్పి అతని ముందు పెట్టి, వానలో ఇంటికెళ్ళి, డబ్బు తెచ్చి ఇచ్చి, గడియారం తీసుకుంది. తడిసి ముద్దయి, రెండు రోజులు తుమ్ముతూనే ఉంది.

ఆ రోజు ఆమెకి అమ్మిన అతను తాళాలే అమ్మేవాడు. గోనె మీద తాళంకప్పలు పరుచుకుని, పొట్టి పీట మీద కూర్చునేవాడు. ఆమెకంటే నాలుగైదేళ్ళు చిన్న. ఆమె తమ్ముడూ అని పిలిచేది కాబట్టి ఇంట్లో అతనికి తాళాల తమ్ముడని పేరు పడిపోయింది. ఆమె అక్కయ్య అయినందువల్ల ఆయన బావగారయ్యాడు.

"ఎంత తమ్ముడూ ఇది?"

"మీకు కాబట్టి ఐదొందలు అక్కయ్యా."

"నాకు కాబట్టి ఐదొందలా? అంటే వేరేవాళ్ళకి మూడొందలేనన్నమాట."

"తమ్ముడి కడుపు కొడతారా అక్కయ్యా?"

"అక్క దగ్గర లాభం లాగుతావా? రెండొందలు."

"బావగారూ! మీరైనా చెప్పండి!" అని అతను దూరంగా నిలబడ్డ ఆయన్ని కేకేసేవాడు.

"ఆయన్ని పిలవకు. ఆయనకి ఇది నచ్చలేదు."

ఆయన గబుక్కున అటు తిరిగి ఎదుటివాడి గొడుగుల వైపు చూసేవాడు. నచ్చిందని వీపు చూసినా తెలిసిపోతుందని తాళాల తమ్ముడు అందరికీ చెప్పి నవ్వేవాడు. ఆఖరికి మూడొందల దగ్గరో మూడొందల యాభై దగ్గరో బేరం తెగేది. ఒకటి తెగడానికి అరగంట పట్టేది. ఆ అరగంటలో ముగ్గురూ ఎంత సుఖంగా ఉన్నారో అప్పుడు వాళ్ళకి తెలియదు.

ఆమెకి యాభై ఎనిమిదో ఏట, ఒక మధ్యాహ్నం కొట్లో గుడ్డ కొలుస్తుంటే చేతిలోంచి మీటరు బద్ద జారింది. వంగి తియ్యబోయి అక్కడే కూలబడిపోయింది. పక్షవాతం అన్నారు. ఇరవై మూడు రోజులు ఆసుపత్రిలో ఉంచి ఇంటికి పంపారు. కుడి చెయ్యి, కుడి కాలు స్వాధీనంలోకి రాలేదు. మాట పోయింది.

వాళ్ళకి ఒక్కతే కూతురు. రెండు వీధుల అవతల కాపురం. ఎక్స్‌రేలు తీసే చోట ఉద్యోగం. పొద్దున్నా సాయంత్రం వచ్చి తల్లికి ఒళ్ళు తుడిచి, బట్టలు మార్చి వెళ్ళేది. ఆయన ప్రెస్సు నుంచి ప్రూఫులు ఇంటికే తెచ్చుకుని మంచం పక్కన కూర్చుని దిద్దేవాడు.

వారానికి రెండుసార్లు మాటలు నేర్పే అమ్మాయి వచ్చేది. కప్పు, కుర్చీ, గొడుగు బొమ్మలున్న అట్టముక్కలు ఒక్కొక్కటే చూపించేది. ఆమె పెదవులు కదిలేవి. "అది... అది..." అనేది. అంతకు మించి రాక కళ్ళనీళ్ళు పెట్టుకునేది.

"ఆవిడకి అన్నీ అర్థమవుతాయండీ," అని ఆ అమ్మాయి ఆయన్ని వరండాలోకి పిలిచి చెప్పింది. "మాట లోపలే ఉంది, పైకి వచ్చే దారి మూసుకుపోయింది. అలవాటుగా అనేసే మాటలూ అంకెలూ వేరే దారిన వస్తాయి. ముందు అవే రావచ్చు. తొందరపెట్టకండి."

ఆయన ఒక పాత ప్రూఫు కాగితం వెనక తేదీ వేసి, "అది" అని రాసుకున్నాడు. నెలన్నర దాటినా దాని కింద రెండో మాట పడలేదు.

ఒక ఆదివారం సాయంత్రం తాళాల తమ్ముడు వచ్చాడు. కబురు తెలిసి వచ్చాడు. బజారు నుంచి నేరుగా రావడంతో సంచీ భుజానే ఉంది. మంచం పక్క కుర్చీలో కూర్చున్నాడు. వాలిపోయిన ఆమె ముఖం చూసి ఏం మాట్లాడాలో తోచలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియనట్టు కాసేపు అవస్థపడి, సంచీలో చెయ్యి పెట్టి ఒక తాళంకప్ప తీసి దుప్పటి మీద ఉంచాడు.

"నాలుగొందలు అక్కయ్యా," అన్నాడు. ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాడంతే.

ఆమె దాన్ని చూసింది. అతన్ని చూసింది.

"ఎక్కువ," అంది.

ఆయన మంచినీళ్ళ గ్లాసుతో గుమ్మంలో ఉన్నాడు. అక్కడే ఆగిపోయాడు.

అతను తడబడ్డాడు, కానీ బజారులో ముదిరినవాడు కదా, పోనివ్వలేదు. "ఎక్కువంటారేంటక్కయ్యా? ఇత్తడి ఎలా ఉందో చూడండి. సరే, మీరే చెప్పండి."

"రెండు."

"రెండా? అమ్మో. మూడున్నర."

ఆమె కళ్ళు పక్కకి తిప్పుకుంది. ఇంక నాకు అక్కర్లేదు అన్నట్టు అలా తిప్పుకోవడం ఆమె పాత ఎత్తు. అతనికి అది తెలుసు. "మూడొందలు. ఆపైన మీ ఇష్టం," అన్నాడు.

చాలాసేపటికి ఎడమచెయ్యి దుప్పటి మీద నుంచి లేచింది. "రెండు... యాభై."

"తెగింది," అన్నాడు అతను.

ఆ రాత్రి ప్రూఫు కాగితం మీద ఆయన మూడు మాటలు రాశాడు. తన అక్షరం తనకే కొత్తగా కనపడింది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం సాయంత్రం అతను వచ్చాడు. ఒక్కొక్క తాళం తెచ్చాడు. బేరం తెగాక ఆయన నోట్లు తెచ్చి ఆమె ఎడమచేతిలో పెట్టేవాడు, ఆమె వాటిని బొటనవేలితో ఒక్కొక్కటే జరిపి చూసి అతనికి ఇచ్చేది. మొదటి రెండు తాళాలూ ఆయన నిజంగానే కొన్నాడు. మూడో వారం అతన్ని మెట్ల దాకా సాగనంపుతూ ఆగాడు.

"తమ్ముడూ, ఇలా ప్రతి వారం కొనలేనేమో. మందులకే..."

"ఎవరు కొనమన్నారు బావగారూ?" అన్నాడు అతను వెంటనే. డబ్బు తీసి ఆయన జేబులో కుక్కాడు. "అక్కయ్య నిద్రపోయాక తాళం నాకిచ్చేయండి. వచ్చే వారం వేరేది తెస్తాను. ఆవిడకి కావలసింది మాట. తాళాలతో ఏం పని?"

ఆయనకి మనసులో ఎక్కడో కలుక్కుమంది. తెగిన బేరాన్ని మెట్ల మీద విప్పేస్తున్నామని తెలుసు. కానీ లోపలి మంచం మీద ఆమె ఆ పూట "తగ్గించు" అంది. అంతకు ముందు వారం "పోనీ" అంది. ఆయన తనకి తాను నచ్చజెప్పుకున్నాడు.

అయిదో వారం అతను ఆరొందలు చెప్పాడు. ఆమె మంచం మీద నుంచి, "సిగ్గులేదూ?" అంది. స్పష్టంగా అంది. అతను పకపకా నవ్వాడు, ఆయన నవ్వాడు, ఆమె ముఖం ఎడమపక్క కూడా నవ్వింది.

సంగతి కూతురికి తెలిసింది. ఆమె తండ్రిని వంటింట్లోకి పిలిచింది.

"కొన్న తాళాలు ఎక్కడున్నాయని అమ్మ అడిగితే ఏం చెప్తావు నాన్నా?"

"అరలో పెట్టానని చెప్తాను. ఇక్కణ్ణుంచి ఆ అరలు కనపడవు కదా."

"అమ్మకి మాట పోయింది కాని బుర్ర పోలేదు."

"వారానికో మాట వస్తోందమ్మా."

"వస్తోంది. నాకు మాత్రం సంతోషం కాదూ?" అని కూతురు ఇంకేదో అనబోయి, గిన్నె కడగడంలో పడిపోయింది.

ఎనిమిదో ఆదివారం. ఆ వారం బజారులో తాళాల తమ్ముడికి కొత్త సరుకు దొరకలేదు. వట్టి చేతులతో రావడం ఇష్టంలేక, నాలుగో వారం ఆమె బేరమాడిన పెట్టె తాళాన్నే మళ్ళీ తీశాడు. చిలుమంతా పోయేలా తోమి, మెరుగు పెట్టి, తాళంచెవికి వేరే రింగు తగిలించాడు. పోల్చడం ఎవరి తరమూ కాదనుకున్నాడు.

"ఇవాళ్టిది చూడండక్కయ్యా, ఎలా మెరుస్తోందో! నాలుగొందలు."

ఆమె దాన్ని ఎడమచేత్తో తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. చెవి దూర్చే కంతకి చిన్న రేకు మూత ఉంది. బొటనవేలు ఆ మూత కిందకి వెళ్ళింది. అక్కడ ఎప్పుడో ఎవరి ఆకురాయో జారి పడిన సన్నని గీత ఉంది. నాలుగో వారం ఆ గీత చూపించే ఆమె యాభై తగ్గించింది. వేలు ఆ గీత మీద నిలిచిపోయింది.

ఆమె 'ఎక్కువ' అనలేదు. తల ఎత్తి తమ్ముణ్ణి చూసింది. తర్వాత మొగుణ్ణి చూసింది. ఆయన ముఖంలో ఏనాడూ ఏదీ దాగలేదు, ఇప్పుడూ దాగలేదు.

"ఇది," అంది ఆమె. పెదవులు కష్టంగా కూడబలుక్కున్నాయి. "ఇది... నేను కొన్నాను."

నాలుగు నెలల్లో ఆమె నోట వచ్చిన మొదటి పూర్తి వాక్యం అది. ఏం జరుగుతోందో బుర్రకెక్కే లోపలే ఆయన చెయ్యి జేబులో పెన్సిలు కోసం వెళ్ళింది. అప్పుడు ఆమె కళ్ళు చూశాడు.

"డబ్బు... ఇచ్చాను," అంది.

ఆమె తాళాన్ని దుప్పటి మీద పెట్టి గోడవైపు తిరిగింది. ఒక్క పక్కే కదిలే మనిషి, అలా తిరగడానికి చాలాసేపు పట్టింది. సాయం చెయ్యబోయిన ఆయన చేతిని మోచేత్తో నెట్టేసింది.

ఆ తర్వాత ఆమె మాట్లాడలేదు.

మాటలు నేర్పే అమ్మాయి వచ్చి బొమ్మలు చూపించింది, అంకెలు లెక్కపెట్టించబోయింది. పెదవులు విడలేదు. "అది" కూడా పోయింది. ఆయన మంచం అంచున కూర్చుని ఎన్నోసార్లు చెప్పాడు. తప్పయిపోయిందన్నాడు. నువ్వు మాట్లాడుతుంటే వినాలన్న ఆశతో చేశానన్నాడు. "నీకోసమే," అన్నప్పుడు ఆమె తన చేతిని ఆయన చేతిలోంచి లాగేసుకుంది. ఆ మాట మళ్ళీ ఆయన అనలేదు.

మూడు వారాలు తాళాల తమ్ముడు రాలేదు. నాలుగో ఆదివారం ఆయనే బజారుకి వెళ్ళాడు. అతను పీట మీద కూర్చుని ఉన్నాడు కాని గోనె మీద తాళాలు సగమే పరిచి ఉన్నాయి.

"ఏ ముఖం పెట్టుకుని రమ్మంటారు బావగారూ?" అన్నాడు. "తెగిన సరుకు వెనక్కి తెచ్చుకున్నాను. ఈ గోనె మీద కూర్చుని ముప్ఫై ఏళ్ళు. ఎంత గడ్డురోజుల్లోనూ ఆ పని చెయ్యలేదు. జబ్బుమనిషి దగ్గర చేశాను, అదీ గొప్ప ఉపకారం చేస్తున్నాననుకుంటూ."

"ఆ సలహా నేను ఒప్పుకున్నదే కదా."

"ఇచ్చింది నేను కదా."

ఇద్దరూ కాసేపు అలా తప్పుని నాది నాదని లాక్కున్నారు. ఆఖరికి ఒక పని చెయ్యాలనుకున్నారు. వెనక్కి తెచ్చుకున్న తాళాలు అయిదు. మూడు అతని దగ్గరే ఉన్నాయి. రెండు అప్పటికే ఎవరికో అమ్మేశాడు. అతను వాళ్ళ ఇళ్ళు వెతుక్కుంటూ వెళ్ళాడు. ఒకాయన జాలిపడి అదే ధరకి ఇచ్చాడు. రెండో అతను ముఖం చూసి అవసరం కనిపెట్టి రెట్టింపు అడిగాడు. తాళాల తమ్ముడు నోరెత్తకుండా ఇచ్చి పుచ్చుకున్నాడు. ఇటు ఆయన తన అరల్లోంచి అన్నిటికంటే పాతవి రెండు తీసి, బజారులో అడిగిన ధరకే ఇచ్చేసి, ఆ డబ్బుతో ఇంటికి వచ్చాడు.

అయిదు తాళాలూ ఆమె మంచం మీద వరసగా పెట్టారు. ఆయన నోట్లు తెచ్చి ఆమె చేతికి ఇచ్చాడు. అప్పుడే వచ్చిన కూతురు కూడా గుమ్మం దగ్గర నిలబడి చూసింది.

ఆమె చాలాసేపు ఆ తాళాల వంక చూసింది. తర్వాత నోట్లు ఒళ్ళో వేసుకుని, ఒక్క చేత్తోనే విడదీయడం మొదలుపెట్టింది. మొదటి తాళం పక్కన కొన్ని పెట్టింది. రెండోదాని పక్కన కొన్ని. నెలల కిందట ఏది ఎంతకి తెగిందో అంతే, ఒక్క నోటు తేడా లేకుండా అయిదింటికీ పెట్టింది. మిగిలినవి ఆయనవైపు జరిపింది. తాళాల తమ్ముడు ఒక్కో కుప్పా తీసుకున్నాడు. అయిదోది తీసుకుంటున్నప్పుడు అతనికి ఏడుపు ఆగలేదు.

"తిట్టండక్కయ్యా. సిగ్గులేదా అని అడగండి. ఒక్క మాటనండి."

ఆమె అనలేదు. చూపుడువేలితో కుర్చీ చూపించింది. కూర్చోమని. అతను కూర్చున్నాడు. తాళాల్ని ఒక్కొక్కటే తన పక్కకి లాక్కుని, వాటి మీద చెయ్యి వేసుకుని ఆమె నిద్రపోయింది.

ఆ తర్వాత ఆదివారాలు అతను సంచీ లేకుండా వచ్చేవాడు. బజారులో ఎవరెవరు వచ్చారో, గొడుగులవాడు ఎవరితో పోట్లాడాడో చెప్పేవాడు. ఆమె వినేది. ఒక్కోసారి పెదవి ఎడమ కొస కొంచెం కదిలేది. ఆయన తినిపిస్తే తినేది, తల దువ్వుతుంటే కళ్ళు మూసుకునేది. కానీ ఆమె తనని క్షమించిందో లేదో ఆయనకి తెలియలేదు. అడగడానికి ధైర్యం చాల్లేదు.

ఇంకో ఆరు వారాలకి మళ్ళీ పక్షవాతం వచ్చింది. ఈసారి పెద్దది. ఆసుపత్రిలో మూడోరోజు పొద్దున, ఆయన మందుల కిటికీ దగ్గర వరసలో నిలబడి ఉన్నప్పుడు, ఆమె పోయింది.

పది పదిహేను రోజుల తర్వాత ఒక సాయంత్రం కూతురు వచ్చి తండ్రి ఎదురుగా కూర్చుంది. మంచం ఇంకా అక్కడే ఉంది, పరుపు మాత్రం తీసేశారు.

"నాన్నా, నీకొకటి చెప్పాలి. అమ్మకి ఆఖరున తీసిన స్కాను నేనూ చూశాను. డాక్టరుతో కూడా మాట్లాడాను."

"ఊఁ."

"రెండు పక్షవాతాలకీ మధ్యలో ఇంకో చిన్నది వచ్చి ఉండొచ్చన్నారు. పైకి తెలియకుండా వచ్చిపోతుందట. మాట వచ్చే చోటే ఉంది మచ్చ. ఎప్పుడు వచ్చిందో సరిగ్గా చెప్పలేమన్నారు. ఆ ఎనిమిదో వారం ప్రాంతంలోనే అయి ఉండొచ్చట."

ఆయన పరుపులేని మంచం వైపు చూశాడు.

"అమ్మ మాట్లాడకపోవడం నీవల్ల కాదు నాన్నా. కోపం కాదది, జబ్బు. మాట్లాడాలనుకున్నా రాలేదు. నువ్వు దీన్ని మోసుకుంటూ తిరగొద్దు."

తండ్రి భుజాల మీది బరువు దిగుతుందని ఆమె ఎదురుచూసింది. ఆయన ముఖం ఇంకా నల్లబడింది. కోపమే అయితే ఆ నెలలన్నీ భార్య తనలాగే ఉంది. పట్టుదలతో, అభిమానంతో, తనని మోసం చేసినవాళ్ళకి నోటిమాట దక్కనివ్వకుండా ఉంది. జబ్బే అయితే, చెప్పాలనుకున్నవన్నీ లోపల కొట్టుకుంటుంటే, ఆయన రోజూ పక్కనే కూర్చుని చూస్తూ ఊరుకున్నాడు.

"కాదమ్మా," అన్నాడు. "ఏ తాళానికి ఎంతో తేడా రాకుండా పెట్టింది, నువ్వూ చూశావుగా. అంత తెలివిగా ఉన్న మనిషి. నామీద కోపమొచ్చింది. రావాల్సిందే. నేను చేసిన పనికి మీ అమ్మకి ఆమాత్రం కోపం రాకుండా ఉంటుందా?"

కూతురికి రోజూ ఆ ఫిల్ములు చూడటమే పని. ఆ మచ్చ ఎంత ఉందో, ఎక్కడుందో ఆమెకి తెలుసు. చెప్పబోయి తండ్రి ముఖం చూసింది. ఆ ముఖం ఎంత బతిమాలుతోందో దాచుకోవడం ఆయనకి రాలేదు.

"అవును నాన్నా," అంది. "కోపమే."

ఆయన తల ఊపాడు. ఆసుపత్రిలోనూ ఆ తర్వాతా రాని ఏడుపు అప్పుడు వచ్చింది.